ఆ ల్యాండింగ్ ఎవరిది?

మేం బౌరంపేటలో ఫ్లాట్ తీసుకున్నప్పుడు బ్రోకర్ చెప్పిన గొప్పల్లో ఔటర్ రింగ్ రోడ్డు ఉంది, చెరువు ఉంది, ఇంటర్నేషనల్ స్కూల్ ఉంది. విమానాల సంగతి మాత్రం చెప్పలేదు. పక్కనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. పొద్దున్నే నేను కాఫీ గ్లాసుతో బాల్కనీలో నిలబడే టైమ్‌కి శిక్షణ విమానాలు మొదలవుతాయి. ఎక్కడో దూరంగా పెద్ద మిక్సీ తిరుగుతున్నట్టు రొద. విమానం ఇళ్ల వెనక్కి దిగిపోతుంది, ఇక అయిపోయిందనుకునేలోపే మళ్లీ పైకి లేస్తుంది. మళ్లీ అదే చుట్టు. రన్‌వేకి చక్రాలు ఆనించి, ఆగకుండా అలాగే ఎగిరిపోవడాన్ని టచ్ అండ్ గో అంటారని తర్వాత తెలిసింది. ఇరవై దాటిన క్యాడెట్ ఎవరో దిగడం నేర్చుకుంటున్నాడు. లేదా నేర్చుకుంటోంది.

మొదట్లో నాకది కాలక్షేపం. తర్వాత ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. లోపల ఇద్దరున్నారు. ఇద్దరి ముందూ కంట్రోల్స్ ఉన్నాయి. మరి ఇప్పుడు దిగిన ఆ ల్యాండింగ్ ఎవరిది? బాల్కనీలో ఉన్న నాకు తెలియకపోవడంలో వింతేం లేదు. లోపలున్న ఇద్దరిలో ఒకరికి కూడా తెలియకపోవచ్చని చదివినప్పుడు మాత్రం కాఫీ చల్లారిపోయింది.

శిక్షణ విమానంలో స్టిక్‌లు రెండు, థ్రాటిళ్లు రెండు, రడ్డర్ పెడల్స్ రెండు జతలు. అవి ఒకదానితో ఒకటి కలిపి ఉంటాయి. ముందు సీట్లో స్టిక్ ఎడమకి వంగితే వెనక సీట్లోదీ వంగుతుంది. దుండిగల్‌లో 2013 నుంచి స్విట్జర్లాండ్‌లో తయారైన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 మీద మొదటి పాఠాలు చెబుతున్నారు. అందులో క్యాడెట్ ముందు కూర్చుంటాడు, ఇన్‌స్ట్రక్టర్ వెనక, కాస్త ఎత్తులో. శిష్యుడికి గురువు గొంతు వినపడుతుంది కానీ గురువు చేతులు కనపడవు. అంతకుముందు వాడిన మన హెచ్‌ఏఎల్ వారి హెచ్‌పీటీ-32 దీపక్‌లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్లు, కారులో లాగా. ఓరగా చూస్తే చాలు, గురువు చెయ్యి స్టిక్ మీద ఉందో తొడ మీద ఉందో తెలిసిపోతుంది. ఏ అమరిక మంచిదన్నదాని మీద వాదనలున్నాయి. పక్కన కూర్చుంటే మొహం చదవొచ్చు. ముందూ వెనకా కూర్చుంటే శిష్యుడు మొదటి రోజునుంచే ఒంటరితనానికి అలవాటు పడతాడు, రేపు ఫైటర్‌లో ఎలాగూ అంతే కాబట్టి.

కంట్రోల్స్ రెండున్నప్పుడు రెండు ప్రమాదాలుంటాయి. ఇద్దరూ పట్టుకోవడం ఒకటి. ఇద్దరూ వదిలేయడం ఇంకొకటి. రెండోది నమ్మబుద్ధి కాదు కానీ ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది: అతను నడుపుతున్నాడని ఇతను, ఇతను నడుపుతున్నాడని అతను. అందుకే కాక్‌పిట్‌లో ఒక చిన్న తంతు పెట్టారు. అప్పగించేవాడు ‘యూ హ్యావ్ కంట్రోల్’ అనాలి. తీసుకునేవాడు ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అని బదులివ్వాలి. తల ఊపడాలు, సైగలు, మనసులో అనుకోవడాలు కుదరవు. నోరు తెరిచి చెప్పాలి. మధ్యలో ఇంకో స్థితి కూడా ఉంది: నడిపేది గురువే, శిష్యుడు తన చేతుల్ని స్టిక్ మీద తేలిగ్గా ఆనించి ఆ కదలికల్ని వేళ్లతో వినాలి. దానికీ ఒక మాటుంది, అదీ పైకే చెప్పాలి.

ఇంత పకడ్బందీగా ఉన్న ఏర్పాటుకి ఒక చిల్లుంది. ఇన్‌స్ట్రక్టర్ ‘యూ హ్యావ్ కంట్రోల్’ అన్నాడు. శిష్యుడు తీసుకున్నాడు. రన్‌వే దగ్గరపడుతోంది. ముక్కు కొంచెం కిందికి ఉంది. చెప్పాలంటే టైమ్ పడుతుంది, ఇప్పటికే ఈ పిల్లాడికి పదిసార్లు చెప్పాడు. గురువు రెండు వేళ్లతో, ఏమీ అనకుండా, స్టిక్‌ని ఒక్క పిసరు వెనక్కి లాగుతాడు. విమానం మెత్తగా దిగుతుంది. శిష్యుడు తనే దించాననుకుంటాడు. పైలట్ల భాషలో దీన్ని కంట్రోల్స్ మీద స్వారీ చేయడం అంటారు. ఇన్‌స్ట్రక్టర్‌కి రాకూడని అలవాట్లలో ఇది ముఖ్యమైనది. మన ఎయిర్‌ఫోర్స్‌లో నేర్పేవాళ్లకి నేర్పే బడి వేరే ఉంది, చెన్నై దగ్గర తాంబరంలో. బాగా నడపగలిగే పైలట్ అక్కడికి వెళ్లి, నడుపుతూనే నడపడాన్ని మాటల్లో చెప్పడం నేర్చుకుంటాడు. చెయ్యీ నోరూ ఒకేసారి కదలాలి. ఆ మాటల ధారని ప్యాటర్ అంటారు. నాకర్థమైనంతవరకూ అక్కడ నేర్చుకునేవాటిలో కష్టమైనది మాట్లాడటం కాదు, చేతులు దూరంగా పెట్టుకోవడం.

ఆ రెండు వేళ్లూ ఎందుకు కదులుతాయి? దయ వల్ల కావచ్చు. భయం వల్ల కావచ్చు, ఆ విమానంలో గురువు కూడా ఉన్నాడు మరి. విసుగు వల్ల, రోజులో మూడో సార్టీ అవడం వల్ల. తన శిష్యుడు మిగతావాళ్ల శిష్యులకన్నా ముందు సోలో వెళ్లాలన్న ముచ్చట వల్ల. కారణం ఏదైనా సరే, ఆ రోజు రికార్డులో ఒక అబద్ధం చేరుతుంది: క్యాడెట్ ల్యాండింగ్, బాగుంది.

ఈ విషయం మొదట గట్టిగా పట్టించుకున్న మనిషి రాబర్ట్ స్మిత్-బారీ. మొదటి ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ పైలట్. 1914లోనే విమానం కూలి కాళ్లు విరిగినవాడు. 1916లో ఒక స్క్వాడ్రన్ నడుపుతూ, ఇంగ్లండ్ నుంచి తనకి పంపుతున్న కొత్త కుర్రాళ్లని చూసి తట్టుకోలేకపోయాడు. వాళ్లకి ఎగరడం వచ్చని కాయితం మీద ఉండేది. అంతే. నేర్పేవాళ్లలో చాలామంది యుద్ధం నుంచి అలిసిపోయి వచ్చినవాళ్లు, శిష్యుల్ని కంట్రోల్స్ ముట్టుకోనివ్వడానికే జంకేవాళ్లు. స్మిత్-బారీ పైవాళ్లకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. సరే నువ్వే నేర్పి చూపించు అన్నట్టు ఆయన్ని గోస్పోర్ట్‌కి పంపారు. 1917లో అక్కడ ఆవ్రో 504 విమానాలకి జంట కంట్రోల్స్ పెట్టించి, శిష్యుణ్ణి పైలట్ సీట్లో కూర్చోబెట్టి, గురువు నుంచి శిష్యుడి చెవికి ఒక రబ్బరు గొట్టం వేయించాడు, మాట వినపడటానికి.

ఆయన చేసిన అసలు మార్పు వేరే ఉంది. అప్పటిదాకా స్పిన్ అంటే చావే అని పైలట్లు వణికేవాళ్లు. రెక్కలు గాలి మీద పట్టు కోల్పోయి, విమానం బొంగరంలా తిరుగుతూ కిందికి పడటం అది. స్మిత్-బారీ శిష్యుల్ని కావాలనే అందులోకి తీసుకెళ్లమన్నాడు. స్పిన్‌లో మనిషి చేతులు సహజంగా చేసే పని స్టిక్‌ని వెనక్కి లాగడం, నేల మీదికొస్తోంది కదా. అలా లాగితే బయటికి రాదు. తిరిగే వైపుకి ఎదురుగా రడ్డర్ తొక్కాలి, స్టిక్ ముందుకి నెట్టాలి, అంటే నేల వైపుకే. ఇది వినడం వేరు, ఒంటికి పట్టడం వేరు. శిష్యుడు తన చేతుల్ని నమ్మకూడని క్షణం ఒకటుందని తన చేతులతోనే తెలుసుకోవాలి. గురువు వేళ్లు మధ్యలో దూరితే ఆ పాఠం జరగదు. (ఇక్కడ అభిమన్యుడు గుర్తుకురాక మానడు. మనవాళ్లకి ప్రవేశం మాత్రమే నేర్పిన పాఠాల గురించి కొత్తగా చెప్పేదేముంది.)

ఇప్పుడు నా సంగతి. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. కొన్నేళ్ల క్రితం, వేరే కంపెనీలో ఉన్నప్పుడు, నా టీమ్‌లోకి ఒక ఫ్రెషర్ వచ్చాడు. వరంగల్ కుర్రాడు. మంచివాడు, నెమ్మదస్తుడు, ప్రతిదానికీ “అన్నా, ఒక్కసారి చూస్తావా” అని వచ్చేవాడు. కోడ్ రివ్యూకి పంపితే పది తప్పులుండేవి. మొదటి నెల అన్నీ రాసి వెనక్కి పంపాను. మళ్లీ పంపితే ఆరుండేవి. రెండో నెలలో డెడ్‌లైన్. రాత్రి పదకొండుకి కూర్చుని ఆ ఆరూ నేనే సరిచేసి, అతని పేరు మీదే లోపలికి పంపేశాను. పొద్దున్న స్టాండప్‌లో “నీ పని అయిపోయింది, బాగుంది” అన్నాను. అతని మొహం వెలిగింది. నాకూ బాగా అనిపించింది. ఇంకేం, అలవాటైపోయింది. ఎనిమిది నెలలు.

తర్వాత నేను ఇంకో ప్రాజెక్టుకి మారాను. మారిన మూడో వారంలో అతనికి ఆన్‌కాల్ పడింది. అర్ధరాత్రి పేమెంట్ల సర్వీస్ ఆగిపోయింది. అతను పట్టుకోలేకపోయాడు, ఎవరినీ లేపలేకపోయాడు కూడా. తెల్లారేసరికి అది పెద్ద గొడవ. ఎవరూ చావలేదు, మా వృత్తిలో ఎవరూ చావరు. కానీ ఆ ఏడాది రేటింగుల మీటింగ్‌లో అతని పేరు వచ్చినప్పుడు మేనేజర్ నా వైపు తిరిగి, “నీ దగ్గర బాగానే చేసేవాడు కదా, ఇప్పుడేమైంది?” అన్నాడు. నేను ఏమో తెలీదన్నట్టు పెదవి విరిచాను. నాకు తెలుసు. ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రెండు నెలల తర్వాత అతను వెళ్లిపోయాడు, వెళ్లేలా చేశారు.

విమానాల మీద నాకున్న ఈ ఆసక్తి అంత అమాయకమైనదేం కాదని ఇప్పటికి అర్థమై ఉంటుంది.

దీనికి సరిగ్గా తిరగేసిన అబద్ధం ఒకటి నా చిన్నప్పుడే చూశాను. ఖమ్మంలో స్కూల్ గ్రౌండులో నాన్న నాకు అద్దె సైకిల్ మీద తొక్కడం నేర్పాడు. “నాన్నా, పట్టుకున్నావా?” “పట్టుకున్నారా, తొక్కు.” గోల్‌పోస్ట్ దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఆయన ఎక్కడో దూరంగా, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. నేను చూశాను, పడ్డాను. నాన్న పట్టుకోకుండా పట్టుకున్నానన్నాడు. నేను పట్టుకుని పట్టుకోలేదన్నాను. రెండూ అబద్ధాలే కదా, మరి ఒకటి తలుచుకుంటే నవ్వొస్తుంది, ఇంకోటి తలుచుకుంటే తల వంగుతుంది, ఎందుకని? నాకు తోచిందిది. నాన్న అబద్ధానికి ఆయుష్షు పది గజాలు. నేను తిరిగి చూడగానే అది ముగిసిపోయి, దాని వెనకున్న నిజం నాదైంది: ఇంతదూరం నేనే తొక్కాను. నా అబద్ధానికి ముగింపు నేను పెట్టలేదు. అతను తిరిగి చూసే వీలు లేకుండా చూసుకున్నాను.

అయినా కాక్‌పిట్ తంతు నాన్న అబద్ధాన్ని కూడా ఒప్పుకోదు. శిష్యుడికి చెప్పకుండా వదిలేయడం కూడా నేరమే అక్కడ. సైకిల్ మీంచి పడితే మోకాలు దోక్కుపోతుంది, విమానంలో ఆ వెసులుబాటు లేదు. ఈ విలువ పుస్తకంలోంచి పుట్టింది కాదు, నేలకి ఎంత ఎత్తులో ఉన్నామన్న లెక్కలోంచి పుట్టింది.

ఎత్తు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. నిజాయితీ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే అయితే ఇన్‌స్ట్రక్టర్ పని ఎవరైనా చేయొచ్చు. స్పిన్ పాఠాలు చాలా ఎత్తులో చెబుతారు. అక్కడ శిష్యుడి తప్పుని పెరగనివ్వొచ్చు. తప్పు వాడికి కనపడేంత పెరగాలి, తను దిద్దలేనంత పెరగకూడదు. ఈ రెండు గీతల మధ్య ఉన్న జాగాయే బోధన. ఎత్తున్నప్పుడు ఆ జాగా విశాలంగా ఉంటుంది. ల్యాండింగ్ చివర, చక్రాలకీ నేలకీ మధ్య కొన్ని అడుగులే మిగిలినప్పుడు, అది ఒకటి రెండు సెకన్లకి కుంచించుకుపోతుంది. అప్పుడు మంచి ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి స్టిక్‌కి అంగుళం దూరంలో ఉంటుంది. ముట్టుకోదు, పోదు. ముట్టుకోవాల్సి వస్తే ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అని తీసుకుంటుంది. శిష్యుడికి అవమానంగా ఉంటుంది. ఉండనీ. ఆ ల్యాండింగ్ తనది కాదని వాడికి స్పష్టంగా తెలుస్తుంది, రేపు చేసేది తనదైతే అదీ తెలుస్తుంది. నేను అతని ఆరు తప్పులూ దిద్దిన రాత్రి, పొద్దున్నే పిలిచి “ఇవి నేను మార్చాను, ఎందుకో చూడు” అని ఉంటే పావుగంట పట్టేది.

అసలు రెండో సీటే లేకపోతే ఏమవుతుందో రోల్డ్ డాల్ రాశాడు. పిల్లల పుస్తకాల రోల్డ్ డాలే. 1986లో వచ్చిన ‘గోయింగ్ సోలో’లో రెండో ప్రపంచయుద్ధం మొదట్లో నైరోబీలో టైగర్ మాత్ మీద నేర్చుకున్న రోజులున్నాయి. ఆ భాగమంతా సంతోషంగా ఉంటుంది, మనిషి ఆరడుగుల ఆరంగుళాలు కావడంతో తల అద్దం పైనుంచి గాల్లోకి పొడుచుకురావడం తప్ప. తర్వాత ఈజిప్టులో ఆయనకి గ్లాడియేటర్ అనే ఫైటర్ అప్పజెప్పారు. అందులో సీటు ఒక్కటే. ఎలా నడపాలో ఎవరు చూపిస్తారని అడగడానికి లేదు, కూర్చోబెట్టి చూపించడానికి చోటే లేదు. 1940 సెప్టెంబర్‌లో తన స్క్వాడ్రన్‌ని వెతుక్కుంటూ వెళ్లి ఎడారిలో కూలిపోయాడు. ఆ కూలిపోవడానికి ప్రధాన కారణం చేతకానితనం కాదు, పైవాళ్లు ఇచ్చిన తప్పు చిరునామా. అయినా ఆ పేజీలు చదువుతుంటే నాకు తప్పు చిరునామాకన్నా ఆ ఒంటి సీటే ఎక్కువ కనపడుతుంది. సరదాగా రాసిన పుస్తకం అని దీన్ని పక్కన పెట్టేస్తారు కానీ, నేర్పకుండా పంపించే వ్యవస్థ మీద ఇంత కోపంగా రాసిన పుస్తకం నేను ఎక్కువ చదవలేదు.

మన దగ్గర అది ఒక మనిషి కథ కాదు, ఇరవై ఏళ్లకి పైగా సాగిన కథ. కిరణ్ లాంటి నెమ్మదైన జెట్ నుంచి నేరుగా మిగ్-21కి వెళ్లేవాళ్లు మన కుర్రాళ్లు. మధ్యలో మెట్టు కావాలని 1982లోనే లా ఫాంటేన్ కమిటీ చెప్పింది. హాక్ విమానాలకి ఒప్పందం 2004లో కుదిరింది, 2008లో బీదర్‌లో లాంఛనంగా ఎయిర్‌ఫోర్స్‌లో చేరాయి. మొదటి మెట్టు కథ కూడా ఇలాంటిదే. దీపక్ ఇంజిన్ ఆగిపోవడం ఎంత మామూలైనా, అందులో బయటికి ఎగిరిపడే సీటు లేకపోయినా, 2009 జూలైలో మెదక్ జిల్లాలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాకే దాన్ని నేల మీద నిలబెట్టేశారు. ఒక గురువు రెండు వేళ్లతో చేసే అబద్ధాన్ని ఇంతసేపు తిట్టాను. ఫైళ్లలో ఇరవై రెండేళ్లు పట్టిన దానికి ఏ మాట వాడాలో నాకు తోచదు.

నాకు మింగుడుపడని విషయం ఇంకొకటుంది. కొందరు క్యాడెట్లకి ఎగరడం రాదు. ఎంత కష్టపడ్డా రాదు. వాళ్లని ఫ్లయింగ్ నుంచి ఆపేస్తారు. చిన్నప్పటినుంచి ఆకాశం తప్ప ఇంకోటి కోరుకోనివాడికి, చదువులో తెలివైనవాడికి, ఇక చాలని చెప్పాల్సింది రోజూ వెనక సీట్లో కూర్చున్న మనిషే. స్వారీ చేసే గురువు చేసే అసలు నష్టం ఇక్కడ ఉంది. అతని దయ వల్ల ఆ కుర్రాడు ఇంకో మెట్టు ఎక్కుతాడు, ఇంకా వేగమైన విమానానికి, ఒకే సీటున్న విమానానికి. ఆ విమానం కింద ఊళ్లుంటాయి. అవన్నీ తెలిసినా, ఆ మాట మొహం మీద చెప్పగలిగేవాళ్లంటే నాకు భయం, గౌరవం కలిసి వస్తాయి. ఒక కుర్రాడికి ‘ఈ కోడ్ నీకింకా రావట్లేదు’ అని చెప్పలేకపోయినవాణ్ణి నేను.

ఆ గురువుకి ఆ మాట చెప్పే అర్హత ఎక్కడినుంచి వస్తుంది? అతను అదే విమానంలో కూర్చున్నాడు కాబట్టి, అనుకుంటాను. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో నాకు జావా చెప్పిన సార్ మంచివాడే కానీ, నాకు జావా రాకపోతే ఆయనకేం కాదు. మా టీమ్‌లో ఆన్‌కాల్ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. సిమ్యులేటర్ ఎంత బాగా చేసినా, గురువు బయట కుర్చీలో ఉంటాడు. 2023 డిసెంబర్ 4న పొద్దున దుండిగల్ నుంచి లేచిన పీసీ-7 ఒకటి తూప్రాన్ దగ్గర రావెల్లిలో కూలిపోయింది. ఇన్‌స్ట్రక్టర్, క్యాడెట్ ఇద్దరూ పోయారు. లోపల ఏం జరిగిందో ఊహించే హక్కు నాకు లేదు. ఇద్దరున్నారన్నది మాత్రం పేపర్లో చదివాను, మా బాల్కనీలో నిలబడే.

ఆ వారమే అతనికి మెసేజ్ పెట్టాను. నాలుగేళ్ల తర్వాత. ఎనిమిది నెలలూ నేనేం చేశానో, మీటింగ్‌లో ఏం చెప్పలేదో మొత్తం రాశాను. పంపాక ఫోన్ తిరగేసి పెట్టేశాను. సాయంత్రం జవాబు వచ్చింది.

“నాకు అప్పుడే తెలుసన్నా. హిస్టరీలో కనపడుతుంది కదా, రాత్రి పదకొండింటికి నీ లాగిన్. నేను కూడా చెప్పలేదు, చెబితే నువ్వు మానేస్తావని.”

కాసేపటికి ఇంకొకటి.

“ఒకటే బాధన్నా. అందులో నేను సొంతంగా రాసినవి కూడా ఉన్నాయి. బాగా రాసినవి. ఏవో నాకిప్పుడు గుర్తులేదు. నీకేమైనా గుర్తుందా?”

చాలాసేపు ఆలోచించాను. ఒక డేట్ ఫార్మాట్ ఫంక్షన్ గుర్తొచ్చింది, అది అతనిదే అనిపించింది, మళ్లీ నమ్మకం లేదు. చూసి చెబుదామంటే ఆ కంపెనీ కోడ్‌కి ఇప్పుడు మా ఇద్దరికీ యాక్సెస్ లేదు.